వాళ్ల అమ్మ ఏది?

బెంగళూరు మారతహళ్లిలో కొన్ని తెలుగు కుటుంబాలు కలిసి పిల్లలకు వేసిన రెండు సినిమాల తరువాత, ఆదివారం సాయంత్రం పెద్దల కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినపడుతోందా? ఫ్యాను శబ్దం కొంచెం ఎక్కువగా ఉంది. ఫరవాలేదు, ఉక్కపోతలో ఫ్యాను ఆపమనను. నేనే గట్టిగా మాట్లాడతాను.

పోయిన శనివారం ఒకటి, నిన్న ఒకటి, ఇదే హాల్లో మీ పిల్లలకు రెండు బొమ్మల సినిమాలు వేశాం. మీలో చాలామంది పిల్లలను ఇక్కడ దింపి సరుకులకు వెళ్లారు. తప్పు పట్టడం లేదండి, వారంలో మీకు దొరికేది ఆ రెండు గంటలే. కానీ మీరు లేనప్పుడు ఇక్కడ జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. నిన్న రెండో సినిమా మొదలై ఇరవై నిమిషాలైనా కాలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక పాప, తొమ్మిదేళ్లు ఉంటాయి, వెనక్కి తిరిగి నన్ను అడిగింది: "వాళ్ల అమ్మ ఏది?" వస్తుందేమో చూద్దాం తల్లీ, అన్నాను. ఇంకో పావుగంట పోయాక మళ్లీ తిరిగింది. "ఇంకా రాలేదు." నా దగ్గర జవాబు లేదు. ఆ సినిమా నేను ముందే చూశాను. అమ్మ రాదని నాకు తెలుసు.

ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ పాప అడిగిన ప్రశ్న గురించే.

మొదటి సినిమా పేరు ది సీక్రెట్ ఆఫ్ నిమ్. 1982లో వచ్చింది. దానికి ఆధారం రాబర్ట్ సి. ఓబ్రయన్ 1971లో రాసిన పిల్లల నవల. అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకం ఆ నవలకు 1972లో వచ్చింది. నిమ్ అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. మన ఊళ్లో ఉన్నవాళ్లకు వెంటనే హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ ఆసుపత్రి గుర్తుకొస్తుంది. మొన్న ఒక బాబు అడిగాడు కూడా, ఇది అదేనా అని. కాదు నాన్నా, అది అమెరికాలోది, పేరు మాత్రం దగ్గర దగ్గరగా ఉంది అని చెప్పాను.

కథ చూడనివారి కోసం చెబుతాను. మిసెస్ బ్రిస్బీ ఒక చిట్టెలుక. భర్త పోయాడు. నలుగురు పిల్లలు. పొలం మధ్యలో పడి ఉన్న ఒక సిమెంటు దిమ్మలో కాపురం. చిన్నవాడు తిమొతికి న్యుమోనియా. కదిపితే ప్రాణానికే ముప్పు, మంచం దిగకూడదన్నాడు వైద్యుడు. అవతల మంచు కరిగింది, రైతు దుక్కికి సిద్ధమవుతున్నాడు. ఇల్లు ఖాళీ చేస్తే పిల్లవాడు దక్కడు. చేయకపోతే నాగలి కింద అందరూ పోతారు. ఇంతే కథ. రాక్షసుడు లేడు, శాపం లేదు. ఒక తల్లి, జ్వరంతో ఒక పిల్లవాడు, తెల్లవారితే వచ్చే ట్రాక్టరు. ఇంతకంటే భయం ఏముంటుంది చెప్పండి? మనలో పిల్లవాడి నుదుటి మీద చేయి వేసి రాత్రంతా కూర్చోనివాళ్లు ఎవరున్నారు?

ఆవిడ వీరురాలు కాదు. ప్రతి అడుగుకూ వణుకుతుంది. సలహా అడగడానికి గుడ్లగూబ దగ్గరికి వెళ్లాలి. గుడ్లగూబ ఏమి తింటుంది? ఎలుకలనే తింటుంది. అటువంటి తొర్రలోకి ఎలుక తనంతట తాను నడుచుకుంటూ వెళ్లాలి. కాలి కింద ఎముకలు విరుగుతుంటాయి. మొన్న ఆ ఘట్టం వచ్చినప్పుడు ఈ హాల్లో ఎవరూ నోరు విప్పలేదు. ఒక చిన్నవాడు చెప్పులు విప్పేసి కాళ్లు కుర్చీ మీదకు లాక్కున్నాడు. కానీ లేచి పోలేదు. కళ్లు మూసుకోలేదు. ఆవిడ బయటకు వచ్చేదాకా అలాగే చూశాడు.

తరువాత గులాబీ పొద కింద ఉండే ఎలుకలను కలుస్తుంది. అవి నిమ్ ప్రయోగశాల నుంచి తప్పించుకొచ్చినవి. సూదిమందులతో వాటికి తెలివి వచ్చింది, చదవడం వచ్చింది. రైతు ఇంటి కరెంటును దొంగచాటుగా లాక్కుని దీపాలు పెట్టుకున్నాయి. ఆ దొంగతనం మానేసి, తమ కష్టం మీద తాము బతకడానికి దూరాన ఉన్న లోయకు వెళ్లిపోదామన్నది వాటి పెద్ద నికోడిమస్ ఆలోచన. పిల్లల సినిమాలో ఇటువంటి చర్చ! దొంగ కరెంటు వాడుకుంటూ నాగరికులం అనుకోవచ్చా అని! భర్త ఎలా చనిపోయాడో ఆవిడకు అక్కడే తెలుస్తుంది. రైతు ఇంటి పిల్లి తిండిలో మత్తుమందు కలపడానికి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు. ఎలుకలు ఆవిడ ఇల్లు జరపాలంటే పిల్లి నిద్రపోవాలి, అందుకే ఆ పని ఇప్పుడు మళ్లీ ఎవరో చేయాలి. నేను వెళతాను అంటుంది. భర్త ప్రాణం తీసిన పనికి భార్య వెళుతుంది, వణుకుతూనే. ఆ వణుకు గొంతులో వినిపిస్తుంది. ఆ గొంతు ఎలిజబెత్ హార్ట్‌మన్‌ది. ఆవిడకు అదే ఆఖరి సినిమా.

ఇక ఇల్లు బురదలో దిగబడిపోయే ఘట్టం. లోపల పిల్లలు. తాడు పట్టుకుని లాగుతుంది, చేతకాదు. అప్పుడు మెడలోని ఎర్ర రాయి వెలుగుతుంది. నవలలో ఆ రాయి లేదు, సినిమావాళ్లు కల్పించారు. ఇది తగదని, ఇంత సహజమైన కథలో మాయ ఎందుకని అన్నవాళ్లు ఉన్నారు. నాకు కూడా మొదట అలాగే అనిపించింది. కానీ మరోసారి చూడండి. ఆ రాయి ముట్టుకుంటే ఆవిడ చేతులు కాలతాయి. ఊరకే దొరికిన వరం కాదు. గుండెలో ధైర్యం ఉన్నప్పుడే ఆ రాయికి శక్తి వస్తుందని ముందే చెప్పారు. మరి ఆ ధైర్యం ఎక్కడిది? గుడ్లగూబ తొర్రలో అడుగు పెట్టినప్పటి నుంచి ఒక్కొక్క చుక్కే కూడింది. మనం చూస్తుండగానే కూడింది.

సరే. ఇప్పుడు ఈ సినిమా ఎవరు చేశారో చెప్పాలి, ఎందుకంటే డబ్బు సంగతి ఇక్కడే వస్తుంది. డాన్ బ్లూత్ అనే చిత్రకారుడు డిస్నీలో పనిచేసేవాడు. పాత రోజుల నాణ్యత అక్కడ పోతోందని ఆయనకు బాధ. గ్యారి గోల్డ్‌మన్, జాన్ పోమరాయ్‌తో కలిసి రాత్రిపూట తన ఇంటి గ్యారేజీలో బొమ్మలు వేసుకుంటూ పాత విద్యలన్నీ మళ్లీ నేర్చుకున్నాడు. 1979లో వాళ్లు ఉద్యోగాలు వదిలి బయటకు వచ్చారు, మరికొందరు చిత్రకారులు వాళ్ల వెంట నడిచారు. ఈ సినిమాకు దొరికింది 70 లక్షల డాలర్ల లోపు. అంతకు ముందు ఏడాది, 1981లో, డిస్నీ తన బొమ్మల సినిమాకు ఖర్చు పెట్టింది సుమారు 1 కోటి 20 లక్షల డాలర్లు. అంటే వీళ్లది దాదాపు సగం. డబ్బు చాలక, చివర్లో నిర్మాతలు సొంత ఇళ్లు తాకట్టు పెట్టారు. ఆడపిల్ల పెళ్లికి ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రులను చూశాం కదా మనం. వీళ్లు ఒక చిట్టెలుక కోసం పెట్టారు.

కాబట్టి దయచేసి ఒక మాట గుర్తుంచుకోండి. మొదటిది కూడా తక్కువ డబ్బుతో తీసిన సినిమానే.

ఆ డబ్బును వాళ్లు ఎక్కడ పెట్టారో నేను చెప్పగలను, ఎందుకంటే నేను ఆ పని చేశాను. 1980ల చివర్లో మద్రాసు వడపళనిలో ఒక చిన్న యూనిట్‌లో సెల్ పెయింటింగ్ చేసేదాన్ని. సెల్ అంటే అద్దంలాంటి పలచటి షీటు. ముందువైపు గీత, వెనకవైపు రంగు. వేలిముద్ర పడకుండా చేతికి నూలు తొడుగు వేసుకోవాలి. రంగు మరీ చిక్కగా ఉంటే ఆరాక పెచ్చులు లేస్తుంది, పలచగా ఉంటే చారలు పడుతుంది. సినిమాలో ఒక సెకనుకు 24 ఫ్రేములు. 82 నిమిషాల సినిమాకు లెక్క వేయండి. 1,18,080 ఫ్రేములు. ఒక బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా, తెర మీద ఒక్క పాత్రే ఉన్నా, దాదాపు 59,000 బొమ్మలు. తెర మీద ఇద్దరుంటే? వర్షం పడుతుంటే? నీడ ఉంటే?

నీడ గురించే చెబుతాను. బొమ్మల సినిమాలో నీడ దానంతట అది పడదు. ఎండలో మనం నిలబడితే పడుతుంది, కాగితం మీద పడదు. ప్రతి నీడనూ విడిగా గీయాలి. అది పలచగా, కింద నేల కనిపించేలా ఉండాలంటే అదే ఫిల్ము ముక్కను కెమెరాలో మళ్లీ వెనక్కి తిప్పి రెండోసారి తీయాలి. అంటే ఖర్చు రెట్టింపు, తప్పు జరిగే అవకాశం రెట్టింపు. మొదటి సినిమాలో ఆ నీడలు ఉన్నాయి. మిసెస్ బ్రిస్బీ ఒక్కదానికే 46 రకాల రంగుల వరసలు తయారు చేశారు. పగటి ఎండలో ఒక రంగు, దీపం దగ్గర ఒకటి, నీళ్లలో తడిసినప్పుడు ఒకటి, తొర్ర చీకట్లో ఇంకొకటి. మీ పిల్లలకు ఇది తెలుసా? తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. చీకట్లో ఆవిడ ఒళ్లు చల్లబడినట్టు వాళ్లకు అనిపిస్తుంది, అంతే.

మా యూనిట్‌లో ఒకసారి పిల్లల కోసం ఒక చిన్న చిత్రం చేశాం. అందులో ఒక కుక్కపిల్ల. దాని కాళ్ల కింద నీడ గీస్తున్నాం. గడువు దగ్గర పడింది. పని చూసే పెద్దమనిషి వచ్చి, "నీడలు తీసేయండి, పిల్లలే కదా, ఎవరు చూస్తారు?" అన్నారు. తీసేశాం. నేను కూడా తీసేశాను. ఆ చిత్రం వేసిన రోజు ఒక పిల్లవాడు లేచి నిలబడి, "ఆ కుక్కపిల్ల గాల్లో ఎగురుతోందా?" అని అడిగాడు. నీడ లేకపోయేసరికి దాని కాళ్లు నేలకు ఆనలేదు. పెద్దవాళ్లు ఎవరూ గమనించలేదండీ. పిల్లవాడు గమనించాడు. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నా చెవిలో ఉంది. నిన్న ఆ పాప వెనక్కి తిరిగినప్పుడు నాకు ఆ పిల్లవాడే గుర్తొచ్చాడు.

పిల్లలే కదా. ఈ మాట ఎన్ని చోట్ల విన్నానో! పిల్లలే కదా, ఏ రంగైతే ఏమి. పిల్లలే కదా, ఒక పాట పెట్టండి. పిల్లలే కదా, ఏడిపించకండి.

ఇక రెండో సినిమా. ది సీక్రెట్ ఆఫ్ నిమ్ 2: టిమ్మీ టు ది రెస్క్యూ. 1998 డిసెంబరులో వచ్చింది, మొదటిదానికి పదహారేళ్ల తరువాత. థియేటర్లకు కాదు, నేరుగా వీడియో క్యాసెట్‌గా. అప్పట్లో అదొక దారి. 1994లో డిస్నీ తన అల్లాదీన్ కథకు కొనసాగింపు తీసి నేరుగా క్యాసెట్టుగా అమ్మితే విపరీతంగా అమ్ముడుపోయింది. దాంతో ఇష్టమైన ప్రతి పిల్లల సినిమాకూ రెండోది, మూడోది పుట్టుకొచ్చాయి. దుకాణంలో తల్లి పేరు చూస్తుంది, ఓ ఇది మా వాడికి ఇష్టమైనదే అని కొంటుంది. పేరు ఉంటే చాలు. 2007లో డిస్నీ ఈ పద్ధతి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. డాన్ బ్లూత్‌కు ఈ రెండో సినిమాతో ఏ సంబంధమూ లేదు.

కథ ఏమిటి? జ్వరంతో మంచం మీద ఉన్న ఆ చిన్నవాడు తిమొతి, అంటే టిమ్మీ, పెద్దవాడయ్యాడు. వీడు మహావీరుడవుతాడని నికోడిమస్ ఎప్పుడో జోస్యం చెప్పాడట. కాకి మీద ఎక్కి లోయకు వెళతాడు, విద్యలు నేర్చుకుంటాడు. అన్న మార్టిన్ ప్రయోగశాలకు చిక్కి, మతి చెడి, దుర్మార్గుడైపోతాడు. చివరకు అందరినీ తమ్ముడే కాపాడతాడు. మధ్యలో పాటలు, నాట్యాలు.

తల్లి కనిపించేది కొద్ది క్షణాలు. కొడుకును సాగనంపుతుంది. తరువాత కథకు ఆవిడతో పనే లేదు.

చూడండి, ఆ పిల్లవాడు బతికి ఉన్నాడంటే ఎవరి వల్ల బతికి ఉన్నాడు? ఎవరు గుడ్లగూబ దగ్గరికి వెళ్లారు? ఎవరి చేతులు కాలాయి? ఆ పేరు పెట్టుకుని సినిమా తీస్తూ ఆ మనిషినే గుమ్మం దగ్గర వదిలేస్తే ఎలా? పెద్ద కొడుకు మతి చెడి శత్రువయ్యాడు. తల్లికి ఇంతకంటే పెద్ద కథ ఉంటుందా? ఒక కొడుకును మృత్యువు నోట్లోంచి లాక్కున్న తల్లి, ఇంకో కొడుకును ఆ ప్రయోగశాలకే పోగొట్టుకుంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఉంటే, బొమ్మలు ఎంత నాసిగా ఉన్నా నేను ఆ సినిమాను నెత్తిన పెట్టుకునేదాన్ని. నిజంగా అంటున్నాను. కర్ర బొమ్మలతో ఆడించినా చూసేదాన్ని.

జోస్యం సంగతి కూడా చెప్పాలి. మొదటి సినిమాలో ఆవిడ గురించి ఎవరూ జోస్యం చెప్పలేదు. ఆవిడ వెళ్లింది ఇంకెవరూ లేరు కాబట్టి. రెండో సినిమాలో పిల్లవాడు వీరుడవుతాడని ముందే రాసిపెట్టి ఉంది, కాబట్టి అవుతాడు. మరి ఇక్కడ కూర్చుని చూసే పిల్లకు ఏమి మిగిలింది? నా గురించి ఎవరూ జోస్యం చెప్పలేదే, నేనేమి చేయగలను అనుకోదా?

బొమ్మల విషయం తొందరగా చెప్పేస్తాను. చాలా చోట్ల నీడలు లేవు, పగలైనా రాత్రైనా ఒంటి రంగు మారదు, మాట్లాడేటప్పుడు నోరు తప్ప ఒళ్లు కదలదు. ఆ బొమ్మలు గీసినవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. వారానికి ఇన్ని షాట్లు అని గడువు పెడితే ఎంత గొప్ప చేయి అయినా అంతే గీస్తుంది. నాకు తెలుసు. కాకికి గొంతిచ్చిన డామ్ డెలూయీస్ మొదటి సినిమాలో ఇచ్చినవాడే, ఇందులో కూడా ప్రాణం పెట్టాడు. పిల్లలు నవ్విన చోట్లు ఉన్నాయి, నవ్వనివ్వండి, నాకు సంతోషమే. నా బాధ నీడ తీసేసినందుకు కాదు, తల్లిని తీసేసినందుకు. నీడ తీస్తే డబ్బు మిగులుతుంది. తల్లిని తీస్తే ఏమి మిగిలింది? ఒక్క రూపాయి కూడా మిగల్లేదు. కాగితం మీద మంచి కథ రాయడానికి, చెడ్డ కథ రాయడానికి పట్టే సిరా ఒకటే కదా.

మరి ఎందుకు చేశారు? పిల్లలకు పిల్లవాడే వీరుడుగా ఉండాలి, ముసలి తల్లి కష్టం వాళ్లకెందుకు అనుకున్నారు. భయపెడితే ఏడుస్తారు అనుకున్నారు. ఇక్కడ నేను మన ఇంటి కథ ఒకటి గుర్తు చేస్తాను. మీ పిల్లలందరికీ ఇక్కడ బడిలో కన్నడంలో పుణ్యకోటి పాట నేర్పుతారు. మీ పాప పాడుతుంటే మీరు వినే ఉంటారు. అదే కథ మన తెలుగులో ఆవు, పులి కథ. అనంతామాత్యుడు భోజరాజీయంలో రాశాడు, మన అమ్మమ్మలు అన్నం కలుపుతూ చెప్పారు. అడవిలో పులి ఆవును పట్టుకుంటుంది. ఇంటి దగ్గర దూడ ఆకలితో ఉంది, పాలిచ్చి వస్తానని ఆవు మాట ఇస్తుంది. వెళుతుంది, దూడకు పాలిస్తుంది, బుద్ధులు చెబుతుంది, తిరిగి పులి దగ్గరికి నడుచుకుంటూ వస్తుంది. మన కథలో పులి మనసు మారి వదిలేస్తుంది. కన్నడ పాటలో పులి తన ప్రాణమే తీసుకుంటుంది.

ఈ కథ విని ఏడవని పిల్లలు ఉన్నారా? మరి వందల ఏళ్లుగా, పిల్లలు ఏడుస్తున్నారని ఎవరైనా ఈ కథ చెప్పడం మానేశారా? మళ్లీ చెప్పు అమ్మమ్మా అని అడిగింది ఎవరు? ఏడ్చిన పిల్లలే అడిగారు. ఇప్పుడు ఎవరైనా ఈ కథకు కొనసాగింపు రాసి, ఆ దూడ పెద్దదై జోస్యం ప్రకారం పులుల మీదకు యుద్ధానికి వెళ్లిందని, ఆవు కొట్టంలోనే ఉండిపోయిందని చెబితే ఆ కథ నిలుస్తుందా? పాలిచ్చాక ఆవు వెనక్కి నడిచిన నడక ఉంది చూశారా, కథంతా ఆ నడకలో ఉంది. మిసెస్ బ్రిస్బీ గుడ్లగూబ తొర్రలోకి నడిచిన నడక కూడా అదే. అమెరికా చిట్టెలుకకు, మన ఆవుకు ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. మీ పిల్లలు అడగలేదండీ. మొన్న సినిమా అయ్యాక ఒక బాబు తనంతట తానే, "ఇది పుణ్యకోటి లాగా ఉంది" అన్నాడు. నేను చెప్పలేదు. వాడే అన్నాడు.

ఇంట్లో ఏది చూపించాలని నన్ను చాలామంది అడుగుతున్నారు. నేను పట్టీ ఇవ్వను. పిల్లల పక్కన కూర్చుని పది నిమిషాలు చూడండి. వాళ్లు ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్నకు సినిమాలో జవాబు ఉందో లేదో చూడండి. మొదటి సినిమా చూస్తూ పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్నకూ ముందు ఎక్కడో జవాబు ఉంది. భర్త ఎలా పోయాడు, ఎలుకలకు చదువెలా వచ్చింది, పిల్లికి మందు ఎవరు పెడతారు. నిన్న అడిగినదానికి మాత్రం లేదు.

నిన్న సినిమా అయ్యాక పిల్లలకు కాగితాలు, రంగులు ఇచ్చాం. నచ్చిన ఘట్టం గీయమన్నాం. కాకి మీద ఎగిరే టిమ్మీని కొందరు గీశారు, చాలా బాగా గీశారు. ఆ పాప మాత్రం సిమెంటు దిమ్మ ఇల్లు గీసి, గుమ్మంలో ఎర్ర శాలువా కప్పుకున్న తల్లిని పెట్టింది. నిన్నటి సినిమాలో ఆ ఘట్టం లేదు. గీసింది నా దగ్గరకు తెచ్చి, "రాత్రి కదా, ఇల్లు ఏ రంగు వేయాలి?" అని అడిగింది. లోపల దీపం ఉందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, ఉంది అంది. అయితే గుమ్మం దగ్గర పసుపు వేసి, దూరం పోయేకొద్దీ నీలం కలుపు అన్నాను. తల్లి వెనక నేల మీద నీడ కూడా గీసింది. ఆ మాట నేను చెప్పలేదు.

ఆ బొమ్మ అదిగో, ఆ తలుపు పక్కన గోడకు పెట్టాను. వెళ్లేటప్పుడు చూడండి. పిల్లలు మొదటి సినిమా మళ్లీ వేయమంటున్నారు. వచ్చే శనివారం నాలుగు గంటలకు ఇక్కడే వేస్తాం. ఈసారి మీరు కూడా ఉండండి. ట్రాక్టరు చప్పుడు వచ్చినప్పుడు పక్కన పట్టుకోవడానికి ఒక చేయి కావాలి వాళ్లకు. నమస్కారం.